కారులో అమెచ్యూర్ రేడియో కేంద్రము: తుపాను వేళ పల్లెకు నోరు

సహకార సంఘ సభ్యులగు రైతు సోదరులకు,

స్వాతి, విశాఖ కార్తెలు వచ్చునప్పటికి మన తీరప్రాంతపు రైతునకు ఒక కన్ను పైరుమీదను, ఒక కన్ను తూర్పు దిక్కునందును ఉండును. వరి పొట్టమీదినుండి ఈనికకు వచ్చు దినములును, బంగాళాఖాతములో వాయుగుండములు లేచు దినములును ఒక్కటే యగుట మన దురదృష్టము. గాలివానకు పైరు పోవుట ఒక నష్టము. కాని పోయినదేమో, మిగిలినదేమో, కావలసినదేమో బయటివారికి చెప్పుకొనుటకు దారి లేకపోవుట అంతకంటె పెద్ద నష్టము. పైరు మరుసటి కారునకు మరల వచ్చును. సమయమునకు అందని కబురు మరల రాదు.

1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన ముంచెత్తినపుడు వేలకొలది ప్రాణములు పోయినవి. స్తంభములు కూలి, తంతి తీగలు తెగి, రోడ్లు కోసుకొనిపోయి ఊళ్లకు ఊళ్లు మూగవైనవి. 1996 నవంబరు 6వ తేదీ తుపానులో కోనసీమ కొబ్బరితోటలు నేలగూలినవి. ఆ దినములలో పల్లెలకు టెలిఫోను అరుదు గనుక మూగతనము వింత కాదనుకొందము. మరి 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్నమును తాకునప్పటికి ప్రతి జేబులోను సెల్‌ఫోను ఉన్నది. అయినను అంత పట్టణములోను ఫోనులు మూగబోయినవి.

కారణము సులభము. సెల్‌ఫోను మన చేతిలోనిదే యైనను దాని ప్రాణము ఎక్కడనో యున్న టవరులో నున్నది. ఆ టవరునకు కరెంటు కావలెను. కరెంటు పోయిన పిమ్మట కొన్ని గంటలు బ్యాటరీ, ఆపైన డీజిలు యంత్రము. డీజిలు తెచ్చు రోడ్డు తెగినచో అదియు ఆగును. టవరు నిలిచినను, దానిని పట్టణముతో కలుపు తీగ వంతెనతోపాటు కొట్టుకొనిపోవచ్చును. కావున ఎవరి టవరుపైనను, ఎవరి కరెంటుపైనను ఆధారపడక, ఈ చివరనుండి ఆ చివరకు సూటిగా మాటలాడగల సాధనము ఊరికొకటి యుండుట మేలు. అట్టిది అమెచ్యూర్ రేడియో. దానిని కారులోగాని జీపులోగాని ఎట్లు అమర్చవలెనో, అందు రైతు జాగ్రత్తపడవలసిన సంగతులేవో ఈ వ్యాసమున విన్నవించుచున్నాను.

అమెచ్యూర్ రేడియో యననేమి?

మన ఇండ్లలో పాటలు వినిపించు రేడియో వినుటకే పనికివచ్చును. అమెచ్యూర్ సెట్టు వినును, పలుకును. లాభాపేక్ష లేక, విద్యార్జనకును పరస్పర సంభాషణకును ప్రభుత్వ లైసెన్సు పొంది ఇట్టి సెట్టు నడుపువారిని అమెచ్యూర్లనియు, వాడుకలో హాములనియు అందురు. పూర్వ ప్రధానమంత్రి శ్రీ రాజీవ్ గాంధీగారు కూడ ఇట్టి లైసెన్సుదారులే. హైదరాబాదులో 1983వ సంవత్సరమున జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ స్థాపింపబడి, ఈ విద్యలో శిక్షణ నిచ్చుచు వచ్చినది.

వీరి ఉపయోగము విపత్తులందు తెలిసినది. 1999 అక్టోబరు 29న ఒడిశాను పెనుతుపాను తాకినపుడును, 2001 జనవరి 26న భుజ్ భూకంపమునందును హాములు సెట్లు మోసికొనిపోయి కబురులు నడిపిరి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన ఉదయమున శ్రీమతి భారతీ ప్రసాద్‌గారు అమెచ్యూర్ రేడియో పనిమీదనే పోర్టుబ్లెయిరులో నుండిరి. దూరదేశపు హాములతో సరదాకు మాటలాడుటకు తెచ్చిన ఆ సెట్టే దీవులలోని వారి క్షేమవార్తలను ప్రధానభూమికి చేరవేసినది. ఆమె తుపానుకొరకు సెట్టు కొనలేదు. ముందే కొని, ముందే నేర్చి, ముందే అమర్చుకొని యుండుటచేతనే అది అక్కరకు వచ్చినది. ఈ విద్యలో మొదటి పాఠమిదియే.

చట్టము చెప్పునది

లైసెన్సు లేనిదే ఇట్టి సెట్టును ఉంచుకొనరాదు. కొనుటకు ముందే పరీక్ష, పరీక్ష పిమ్మటనే లైసెన్సు, లైసెన్సు పిమ్మటనే సెట్టు అనునది క్రమము. మన దేశమున ఈ సేవకు ప్రత్యేక నియమములు 1978లో వెలువడి, తరువాత పలుమారులు సవరింపబడినవి. ఆ నియమములప్రకారము 12 సంవత్సరములు నిండినవారు పరీక్షకు కూర్చుండవచ్చును. రేడియో విద్యలోని మూలసూత్రములు, నియమావళి అను రెండు భాగములందు ప్రశ్నలుండును. క్రింది తరగతి లైసెన్సునకు మోర్సు సంకేతములు నేర్వనక్కరలేదు. పదవ తరగతి చదివిన పిల్లలు కొన్ని నెలలు శ్రద్ధ పెట్టినచో ఉత్తీర్ణులు కాగలరు. ఉత్తీర్ణుడైనవానికి 'వి.యు.' అను అక్షరములతో మొదలగు పిలుపు పేరొకటి ఇయ్యబడును. అది ప్రపంచములో మరియొకరికి ఉండదు.

లైసెన్సు మనిషికి గాని బండికి కాదు. సెట్టు ఉండు చిరునామా లైసెన్సునందు వ్రాయబడును. కావున వాహనములోనుండి నడుపదలచినవారు తమ లైసెన్సు షరతులు చదువుకొని, కావలసిన అనుమతిని ముందుగా పొందవలెను.

సంఘ సభ్యులు ముఖ్యముగా గుర్తుంచుకొనవలసిన సంగతి యొకటి గలదు. ఈ రేడియోపై వ్యాపారము మాటలాడరాదు. ధాన్యము ధర యెంత, ఎరువుల లారీ బయలుదేరినదా, ఫలానివానికి బాకీ చెల్లింపుమని చెప్పుము, ఇట్టివి ఒక్కటియు పనికిరావు. వానికి ఫోనున్నది, తపాలా యున్నది. ప్రాణాపాయమందును, విపత్సహాయమందును మాత్రము ఇతరుల కబురులు చేరవేయుటకు అంతర్జాతీయ నియమములే చోటిచ్చినవి. సంఘపు సొమ్ముతో సెట్టు కొని సంఘపు బేరములు నడుపవచ్చునని తలంచువారు ఈ పనికి పూనుకొనకుండుటే మంచిది.

కారే యేల?

ఇంటిలోని కేంద్రము ఇల్లు నిలిచినంతవరకే. కారులోని కేంద్రమునకు మూడు గుణములు గలవు. దాని కరెంటు దానియొద్దనే పుట్టును. అది మెరకకు నడచిపోగలదు. అవసరమున్న చోటికి తానే పోగలదు. తుపాను హెచ్చరిక రాగానే బండిని మెరకనున్న తుపాను ఆశ్రయభవనము ప్రక్కన నిలిపినచో కేంద్రమును మార్చుటకు వేరే శ్రమ లేదు.

డీజిలు జీపైనచో మరియొక సౌకర్యము. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వలు పుట్టించు ప్లగ్గులుండును. ఆ రవ్వ ప్రతిదియు ఒక చిన్న రేడియో కేంద్రమువంటిదై మన సెట్టులో చిటపటలు వినిపించును. డీజిలు ఇంజనులో ఆ ప్లగ్గులు లేవు.

సెట్లు రెండు విధములు

మొదటిది 144 నుండి 146 మెగాహెర్ట్‌జులవరకు పనిచేయు చిన్న సెట్టు. దీని తరంగములు చూపువలె సూటిగా పోవును. కావున ఎంత ఎత్తుననుంచి పలికిన అంత దూరము వినబడును. ఏరియల్ ఎత్తును మీటర్లలో తీసికొని, దాని వర్గమూలమును 4.1తో హెచ్చించినచో సుమారుగా ఎన్ని కిలోమీటర్లు పోవునో తెలియును. కారు పైకప్పుమీది ఏరియల్ ఎత్తు 2 మీటర్లనుకొనిన 6 కిలోమీటర్లు వచ్చును. ఎదుటి కారునకును అంతే గనుక రెండు కార్లమధ్య 12 కిలోమీటర్లు. అదే ఎదుటివారు ఆశ్రయభవనముమీద గడ నిలిపి 16 మీటర్ల ఎత్తున ఏరియల్ కట్టినచో వారివి 16, మనవి 6, మొత్తము 22 కిలోమీటర్లు. డెల్టాలో కొండలు లేవు గనుక ఈ లెక్క చాలవరకు సరిపోవును. తోటలు, ఇండ్లు అడ్డమున్నచో కొంత తగ్గును.

రెండవది 3.5, 7, 14 మెగాహెర్ట్‌జులవంటి తక్కువ సంఖ్యలలో పనిచేయు పెద్ద సెట్టు. దీని తరంగములు ఆకాశమునకు ఎగసి, అచ్చటి అయనావరణమునుండి తిరిగి భూమికి దిగును. మచిలీపట్నమునుండి హైదరాబాదునకు గగనమార్గమున సుమారు 300 కిలోమీటర్లు. మధ్యనున్న స్తంభములన్నియు కూలినను, పగటివేళ 7 మెగాహెర్ట్‌జులమీద ఆ దూరము దాటుట హాములకు నిత్యకృత్యము. రాత్రివేళ సమీపపు కేంద్రములు జారిపోయి దూరపువి వినవచ్చును. అప్పుడు 3.5 మెగాహెర్ట్‌జుల ప్రాంతమునకు దిగవలెను.

ఊరినుండి మండలమునకు మొదటి సెట్టు, జిల్లానుండి రాజధానికి రెండవ సెట్టు అని స్థూలముగా చెప్పవచ్చును. క్రొత్తవారు మొదటిదానితో ఆరంభించుట యుక్తము.

కరెంటు సంగతి

ఇది వ్యాసములోని ముఖ్యభాగము. కారు కేంద్రములు చెడుటకు పది కారణములున్నచో అందు ఏడెనిమిది కరెంటు తీగలయందే యుండును.

50 వాట్ల చిన్న సెట్టు పలుకునపుడు సుమారు 10 ఆంపియర్లు, 100 వాట్ల పెద్ద సెట్టు 20 ఆంపియర్లకు పైగా లాగును. సిగరెట్టు ముట్టించు రంధ్రమునుండి ఇంత కరెంటు తీయరాదు. ఆ తీగలు అందులకు వేసినవి కావు. సూటిగా బ్యాటరీనుండి రాగి తీగలు వేయవలెను.

తీగ లావెంతయని అడుగుదురు. దూరపు పొలమునకు సన్నతీగ లాగిన పంపుసెట్టు గతి మన రైతులకు క్రొత్త కాదు. స్తంభమువద్ద వోల్టేజి యుండును, మోటారువద్ద ఉండదు. మోటారు మూలుగును, కాలును. కారులోను అదే లెక్క. బ్యాటరీనుండి సెట్టునకు 4 మీటర్లు, తిరిగి 4 మీటర్లు, మొత్తము 8 మీటర్ల తీగ. 22 ఆంపియర్లు పారునపుడు 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగలో 2 వోల్టులు దారిలోనే పోవును. 2.5 తీగలో 1.3 వోల్టు, 6 తీగలో సుమారు అర వోల్టు పోవును. సాధారణముగా ఈ సెట్లకు 11.7 వోల్టులకు తక్కువైన గిట్టదు. ఇంజను ఆగియున్న బ్యాటరీలో ఉండునదే 12.6. అందు 2 వోల్టులు తీగకు సమర్పించిన సెట్టునకు మిగులునదేమి? వినునపుడు బాగుగనే వినును. పలుకబోవగానే గొంతు పట్టుకొని ఆగిపోవును. కొన్నవారు సెట్టును తిట్టుదురు. తప్పు తీగది.

ఫ్యూజు బ్యాటరీ ప్రక్కనే, జానెడు దూరములో ఉండవలెను. ఫ్యూజు సెట్టును కాపాడుటకని చాలమంది భ్రమ. అది తీగను, తద్వారా బండిని కాపాడుటకు. ఈ సంగతి నేను పుస్తకములో చదివి నేర్వలేదు. నా మొదటి అమరికలో ఫ్యూజును సెట్టువద్ద పెట్టితిని. ఇంజనునుండి లోనికి తీగ తెచ్చు రేకురంధ్రమునకు రబ్బరు కట్టు వేయలేదు. గతుకుల రోడ్డుమీద నాలుగు నెలలు తిరుగునప్పటికి రేకు అంచు తీగపై పొరను కోసినది. తీగ రేకును తాకినది. ఫ్యూజు దానికి అవతల నున్నది గనుక దానికి ఏమియు తెలియలేదు. బానెటు క్రిందినుండి పొగ వచ్చినపుడు బ్యాటరీ తీగను ఊడబెరుకుటకు స్పానరు దొరకక, పక్క పొలమువాని కొడవలితో తీగ కోసితిమి. బండి దక్కినది. నాటినుండి ప్రతి రంధ్రమునకు రబ్బరు, ప్రతి ధనతీగకు బ్యాటరీవద్ద ఫ్యూజు, బానెటు క్రింద ఒక స్పానరు.

క్రొత్త కార్లలో బ్యాటరీ ఋణధ్రువమువద్ద కరెంటును కొలుచు పరికరముండును. అట్టివానిలో ఋణతీగను ఆ ధ్రువమునకు కాక, అది బండి రేకుకు కలియు బోల్టువద్ద బిగింపవలెను.

ఒక తుపాను రాత్రి

కొన్ని ఏండ్ల క్రిందట గాలివాన రాత్రి మా ఊరి రోడ్డు తెగినది. జీపును పాఠశాల మెరకమీద నిలిపి, ఇంజను ఆపి, సెట్టు విప్పి కూర్చుంటిని. ప్రమాదమేమియు లేదు గనుక దూరపు మిత్రులతో గాలి యెంత, వాన యెంతయని గంటలకొలది ముచ్చటలాడితిని. మా సెట్టు పనిచేయుచున్నదని ఊరివారు చుట్టు చేరి చూచుచుండ నాకు కొంత గర్వము కలిగెనని ఒప్పుకొనవలెను. వినుటకు గంటకు 1 ఆంపియరు, పది గంటలకు పది. పలుకుట అంతయు కలిపి ఒక గంటయైన మరి 12. మొత్తము 22 ఆంపియర్-గంటలు. పేరుకు 60 గల బ్యాటరీ. కాని మూడేండ్ల పాతది, దానిలో సగమైన మిగిలియుండునో లేదో.

తెల్లవారుజామున పాలేరొకడు పరుగున వచ్చి, తన కోడలికి నొప్పులు వచ్చినవనియు, బిడ్డ అడ్డము తిరిగినదని మంత్రసాని చెప్పినదనియు అనెను. నేను మీట నొక్కితిని. సెట్టు ఆరిపోయినది. ఇంజను తిప్పిన తిరుగలేదు. మోకాలిలోతు నీటిలో తోయుటకు వీలు లేదు. ట్రాక్టరు బ్యాటరీ తెత్తమన్న దాని తీగలకును మా తీగలకును పొత్తు లేదు. టార్చిలైటు పెట్టుకొని స్క్రూలు విప్పి, తీగలు చెక్కి, ముడివేసి సెట్టు మరల పలికించుటకు నలుబది నిమిషములు పట్టినది. పిమ్మట కబురు అందినది, పడవ వచ్చినది, తల్లియు బిడ్డయు దక్కిరి. ఆ తండ్రి నాకు దండము పెట్టెను. నేను ఆ దండమును తీసికొనలేక తల దించుకొంటిని. ఆ నలుబది నిమిషములు నా ముచ్చటల ఖరీదని నాకు తెలియును.

నాటినుండి మేము పాటించు నియమములు నాలుగు. తుపాను వేళ అవసరము లేని మాట ఒక్కటియు పలుకరాదు. గంటకొకసారి పావుగంట ఇంజను నడుపవలెను; అదియు ఆరుబయటనే, పొగ విషము గనుక మూసిన కొట్టములో కాదు. సెట్టుకొరకు వేరే బ్యాటరీ ఒకటి వెనుక భాగమున కదలకుండ కట్టి యుంచవలెను. ఇంజను తిప్పు బ్యాటరీని ముట్టరాదు. నాలుగవది అన్నిటికంటె సహకారమునకు తగినది: ఊరిలోని ప్రతి కారునకును, జీపునకును, ట్రాక్టరునకును బ్యాటరీనుండి ఒకే తీరు కలుపుడు ముక్క, ధన ఋణములు తారుమారు కాకుండ, ఫ్యూజుతో సహా తగిలించి యుంచవలెను. అప్పుడు ఏ సెట్టైనను ఏ బండికైనను క్షణములో తగులును. రోడ్డు బురదయైనపుడు కారు ఆగిన చోట ట్రాక్టరు సాగును. అప్పుడు సెట్టు ట్రాక్టరెక్కును.

ఏరియల్

సెట్టు ఎంత మంచిదైనను ఏరియల్ చెడ్డదైన వ్యర్థము. 145 మెగాహెర్ట్‌జుల తరంగము పొడవు సుమారు 2 మీటర్లు. అందు నాల్గవవంతు, అనగా అర మీటరు కడ్డీ చాలును. దానికి క్రింద ఇనుపరేకు అద్దమువలె పనిచేయును. కావున కారు పైకప్పు నడుమ దాని స్థానము శ్రేష్ఠము. అయస్కాంతపు పీటతో అంటించు ఏరియల్ ఆరంభమునకు చాలును. గాలివానలో మాత్రము బోల్టుతో బిగించినదే నిలుచును. గుడ్డకప్పు జీపులకు పైన రేకు లేదు. అట్టివానికి బానెటు అంచున కమ్మి బిగించుటగాని, క్రింద రేకు అక్కరలేని అర్ధతరంగపు ఏరియల్ వాడుటగాని చేయవలెను.

7 మెగాహెర్ట్‌జులకు నాల్గవవంతనగా పదిన్నర మీటర్లు. దానిని కారుపై మోయలేము. తీగచుట్ట నడుమ వేసి రెండున్నర మీటర్లకు కుదింతురు. పనిచేయును గాని, పంపిన 100 వాట్లలో చాలభాగము చుట్టలోను నేలలోను వేడియై పోయి గాలిలోనికి కొద్ది వాట్లే చేరును. బండి నిలిచియున్నపుడు ఇట్లు చేయుట మేలు: 20 మీటర్ల తీగను నడుమ తెంచి, ఒక్కొక్క ప్రక్క 10 మీటర్లుగా రెండు చెట్లమధ్యగాని రెండు గడలమధ్యగాని కట్టి, నడుమనుండి సెట్టునకు కేబులు దింపవలెను. ఎత్తు ఐదారు మీటర్లున్న చాలును. తక్కువ ఎత్తునకు కట్టిన తీగ శబ్దమును నిట్టనిలువున పైకి పంపి చుట్టుపట్ల మూడువందల కిలోమీటర్లలో వానవలె కురిపించును. మనకు కావలసినదియు అదియే. గాలి వీచుచుండగా చెట్లక్రిందకు పోరాదు. గాలి తగ్గిన పిమ్మటనే కట్టవలెను. 3.5 మెగాహెర్ట్‌జులకు తీగ రెట్టింపు పొడవు కావలెను.

ఏరియల్ కొలత సరికానిచో పంపిన శక్తి తిరిగి సెట్టుమీదికి వచ్చును. మూసిన తూమునకు నీరు వదలిన అది వెనుకకు తన్ని గట్టు తెంపును గదా, అట్లే. దీనిని కొలుచు మీటరొకటి దొరకును. అందు నిష్పత్తి 1.5కు లోపలనున్న నిశ్చింత. 3 దాటిన పలుకరాదు, ముందు కడ్డీ పొడవు సరిచేయవలెను. సంఘమునకు ఒక్క మీటరున్న అందరికిని చాలును.

సద్దు తగ్గించుట

ఇంజను వేగముతో కలిసి హెచ్చుచు తగ్గుచు ఈలవలె వినబడునది ఆల్టర్నేటరుది. తీగలు సూటిగా బ్యాటరీకి వేసినచో అది చాలవరకు తగ్గును. బానెటు, తలుపులు, పొగగొట్టము పేరుకు బండివే గాని మడతబందులవద్ద తుప్పు పట్టి వేరుపడి యుండును. అల్లిన రాగి పట్టీలతో వానిని రేకుకు కలిపి బిగించినచో సద్దు ఇంకను తగ్గును. బిగించు చోట రంగు గీకి, పిదప గ్రీజు పూయవలెను.

ప్రాణరక్షణ

ఏరియల్‌తోపాటు బండి ఎత్తు నాలుగు మీటర్లు దాటవచ్చును. పొలములమీది 11 కిలోవోల్టుల తీగలు తుపాను పిమ్మట క్రిందికి వ్రేలాడుచుండును. కడ్డీ దానిని తాకిన ప్రాణాపాయము. పొడవైన కడ్డీని దించుకొనియే ప్రయాణము చేయవలెను. నడుపువాడు మాటలాడరాదు, ప్రక్కన కూర్చున్నవాడు మాటలాడవలెను. గాలిసంచులు విచ్చుకొను చోటికి అడ్డముగా సెట్టు బిగించరాదు. అడుగున పెట్టరాదు, వరదనీరు మొదట వచ్చునది అక్కడికే. పలుకునపుడు ఏరియల్ దగ్గర పిల్లలను నిలువనీయరాదు. పెట్రోలు పోయుచుండగా మీట నొక్కరాదు.

సంఘము చేయదగినది

ఒక్కనియొద్దనున్న సెట్టు ఆ యొక్కని వేడుక. ఊరిలో ముగ్గురైన లైసెన్సు పొందినపుడే అది ఊరి సాధనము. ఒకడు జబ్బుపడవచ్చును, ఒకడు పట్టణమునకు పోయి యుండవచ్చును, మూడవవాడు మిగులును. ఆ ముగ్గురిలో ఒక బాలిక యుండుట మేలు. పోర్టుబ్లెయిరు సంగతి ఎవరివలన నడచెనో పైన చదివితిరి. సంఘము పరీక్షకు పోవువారి ప్రయాణపు ఖర్చు భరింపవచ్చును. నియమములప్రకారము క్లబ్బు పేరున లైసెన్సు పొందుటకును అవకాశము గలదు. కలుపుడు ముక్కలు, కేబులు, మీటరు సమష్టిగా కొనిన ధర కలిసివచ్చును. సెట్టు ఖరీదు ఒక్క రైతునకు భారము. వాటాలు వేసికొనిన భారము కాదు.

అన్నిటికంటె ముఖ్యము అభ్యాసము. వారమునకొకసారి, ఆదివారము ఉదయము పావుగంట, చుట్టుపట్ల ఊళ్ల కేంద్రములు ఒకరినొకరు పిలుచుకొనవలెను. ఎవరు వినబడిరి, ఎవరు వినబడలేదో పుస్తకములో వ్రాయవలెను. కబురు వ్రాసికొనియే చదువవలెను: ఎవరు, ఎక్కడ, ఏమి కావలెను, ఎందరికి, ఎప్పటిలోగా. అవతలివాడు తిరిగి చదివి ఒప్పజెప్పిన పిదపనే కబురు చేరినట్లు. విన్నదానిని పెంచి చెప్పరాదు. చూడనిది చూచినట్లు చెప్పరాదు. గట్టు తెగెనని అబద్ధపు కబురొకటి పుట్టిన జనము పరుగెత్తి పడిన చోట్లు మనకు తెలియనివి కావు.

సోదరులారా, నాగలి సాలు తప్పినదో లేదో వర్షాకాలమున చూచుకొనువాడు రైతు కాడు. వేసవిలోనే కర్రు కాల్చి, కొడవలి నూరి, గట్లు వేసికొనువాడు రైతు. ఈ సాధనమును గూర్చియు అంతే. రానున్న వేసవిలో మన ఊరి బాలబాలికలలో ముగ్గురు పరీక్షకు సిద్ధపడవలెననియు, ఊరి బండ్లన్నిటికి ఒకే తీరు కలుపుడు ముక్క తగిలింపవలెననియు సర్వసభ్య సమావేశమున తీర్మానము ప్రతిపాదింప కోరుచున్నాను. మరల స్వాతి కార్తె వచ్చునప్పటికి మన పల్లె మూగది కాకుండుగాక.